ఒక పాత కెఫే రేసర్, లక్షన్నర రూపాయలు

2023 ఎండాకాలంలో హైదరాబాదు వెళ్లి, అప్పటికి దాదాపు తొమ్మిదేళ్లు నడిచిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 535 మోటారు సైకిలు ఒకటి కొని విజయవాడ తెచ్చుకున్నాను. బండి ధర, కాగితాల ఖర్చు, పని ఖర్చు అన్నీ కలిపి లక్షన్నర దాటనివ్వనని ఇంట్లో మాట ఇచ్చి బయలుదేరాను. ఆ డబ్బును దేనికి పెట్టాను, దేనికి పెట్టలేదు, ఎందుకు పెట్టలేదు అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పాత బండి కొని కెఫే రేసర్ (ముందుకు వంగి నడిపే, బరువు తగ్గించిన రేసు తరహా బండి) చేయించుకోవాలనుకునే కుర్రవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ సీటు గురించో సైలెన్సర్ గురించో ఉంటుంది. టైర్ల గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు అది ముందు బండి ఆగడానికి, తిరగడానికి, నేలను పట్టుకోవడానికి ఖర్చు కావాలి. అందచందాల పని మిగిలినదానితో చేసుకోవాలి. ఫ్రేమును మాత్రం ఎన్నడూ కోయకూడదు.

ఈ మాట నా సొంత కల్పన కాదు, కెఫే రేసర్ పుట్టుకలోనే ఉంది. లండన్ నగరం చుట్టూ వెళ్లే నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద 1938లో ఏస్ కెఫే అనే చిన్న హోటలు పెట్టారు. రాత్రింబవళ్లు తెరిచి ఉండే ఆ హోటలు మొదట లారీ డ్రైవర్ల కోసం పెట్టినది. యుద్ధంలో బాంబు పడి కూలిపోతే 1949లో మళ్లీ కట్టారు. 1950లలో, 60లలో అక్కడికి చేరిన కుర్రవాళ్లలో ఎక్కువమంది కూలినాలి చేసుకునేవాళ్లు, కార్ఖానాల్లో పనివాళ్లు. గంటకు నూరు మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు అందుకోవడం వాళ్ల కల. అంత వేగం పోయే కొత్త బండి కొనే స్తోమత చాలామందికి లేదు. అందుకని ఉన్న బండిలో బరువు తగ్గించారు, గాలికి ఎదురు తగలకుండా హ్యాండిలును కిందికి దించారు, దానికి తగ్గట్టు ఫుట్‌రెస్టులను వెనక్కి జరిపారు, ఇద్దరి సీటు తీసి ఒక్కరి సీటు పెట్టారు. ఇవాళ మనం ఫొటోల్లో చూసి ముచ్చటపడే ఆకారం మొత్తం ఆ అవసరాల నుంచి వచ్చినదే.

ఆ కాలపు బండ్లలో అన్నిటికంటే పేరు పొందినది ట్రైటన్. ట్రయంఫ్ ఇంజను, నార్టన్ ఫ్రేము కలిపి చేసిన బండి కాబట్టి ఆ పేరు. నార్టన్ కంపెనీ కోసం బెల్‌ఫాస్ట్‌కు చెందిన మెక్‌కాండ్లెస్ సోదరులు తయారు చేసిన ఫ్రేము 1950లో రేసుల్లోకి వచ్చింది. దాన్ని నడిపిన హెరాల్డ్ డేనియల్ అనే రేసరు ఈకల పరుపు మీద ఉన్నట్టుందని అనడంతో దానికి ఫెదర్‌బెడ్ అనే పేరే స్థిరపడింది. ఇంత మంచి ఫ్రేము మామూలు కుర్రవాళ్లకు ఎలా అందిందన్నది నాకు ఈ చరిత్రలో బాగా నచ్చిన సంగతి. ఆ రోజుల్లో 500 సీసీ ఇంజనుతో చిన్న రేసు కార్లు కట్టేవాళ్లకు నార్టన్ మ్యాంక్స్ అనే రేసు బండి ఇంజను కావలసి వచ్చింది. కంపెనీ ఇంజనును విడిగా అమ్మదు. దాంతో వాళ్లు మొత్తం మోటారు సైకిలే కొని, ఇంజను విప్పుకొని, ఫ్రేమును, చక్రాలను పక్కన పడేసేవారు. అలా ఒకరికి అక్కర్లేకుండా పోయిన ఫ్రేముల్లో మరొకరు ట్రయంఫ్ ఇంజను కూర్చోబెట్టారు. అంటే కెఫే రేసర్ మొదటి నుంచీ తక్కువ డబ్బుతో, ఇతరులు వద్దనుకున్న సామానుతో తయారైన బండే. ఆ కుర్రవాళ్లు వెతుక్కున్నది వంపులో బెసకని ఫ్రేమును. వాళ్ల సంప్రదాయం మనదని చెప్పుకుంటూ ఫ్రేమునే కోయడం నాకు మింగుడుపడదు.

నేను కొన్న బండి ఈ కథకు దూరపు చుట్టం కాదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండులో ఉన్నప్పుడు 1960ల మధ్యలో కాంటినెంటల్ జీటీ పేరుతో 250 సీసీ కెఫే రేసర్‌ను కార్ఖానాలోనే తయారు చేసి అమ్మింది. అదే పేరును 2013లో మన దేశంలో తయారైన 535 సీసీ బండికి పెట్టారు. దాని ఫ్రేము రూపకల్పనలో హ్యారిస్ పెర్ఫార్మెన్స్ అనే బ్రిటిష్ సంస్థ చేయి ఉంది. రేసు బండ్ల ఫ్రేములకు పేరు పొందిన ఆ సంస్థను తర్వాత 2015లో రాయల్ ఎన్‌ఫీల్డే కొనుక్కుంది. ఒక్క సిలిండరు, గాలితో చల్లబడే ఇంజను, 29 హార్స్‌పవర్, ముందు 300 మిల్లీమీటర్ల డిస్కుతో బ్రెంబో బ్రేకు, వెనక పయోలీ షాక్ అబ్సార్బర్లు, 184 కిలోల బరువు. కొత్తగా వచ్చినప్పుడు ఢిల్లీలో రోడ్డు మీదికి వచ్చేసరికి 2 లక్షల 5 వేలు అయిన బండి ఇది. 2018లో రెండు సిలిండర్ల 650 రావడంతో దీని తయారీ ఆగిపోయింది, పాత బండ్ల ధర కూడా దిగింది. ఫ్రేము, బ్రేకు, షాక్‌లు ఇంత మంచివి ఉన్న బండి లక్ష రూపాయల లోపు దొరుకుతుంటే మరో బండిని కోసి ఇలా కనబడేటట్టు చేయించడం ఎందుకని ఆలోచించి దీని వైపు మొగ్గాను.

అమ్మిన అబ్బాయి మర్యాదస్తుడు. బండిని ఇష్టంగా చూసుకున్నాడు కూడా. అయితే ఆ ఇష్టమంతా ఆకారం మీదే పెట్టాడు. అక్కడి ఒక వర్క్‌షాపులో దానికి తక్కువ ఎత్తున్న హ్యాండిలు, బొబ్బలు దేలినట్టుండే గడ్డల టైర్లు, లోపల జాలీ లేని సైలెన్సర్, గాలి పెట్టె తీసేసి ఇంజనుకు నేరుగా తగిలించిన చిన్న ఫిల్టర్, పొగ గొట్టానికి చుట్టిన గుడ్డ పట్టీ, వెనక ఫ్రేము తోక కోసి అతికించిన వంపు గొట్టం, దాని మీద పలక లాంటి సీటు పెట్టించాడు. వీటికి తాను 60 వేలు ఖర్చు పెట్టానని, 1 లక్షా 15 వేలకు తక్కువ ఇవ్వనని అన్నాడు. "అన్నా, ఇట్ల రెడీగ చేసిన బండి నీకు యాడ దొరకది" అన్నది అతని మాట. నేను 96 వేలకు బేరం కుదుర్చుకున్నాను. పాత బండి కొనేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఇదే: ముందువాళ్లు చేయించిన మార్పులకు విలువ కట్టకూడదు, వాటిని సరిచేయడానికి ఎంతవుతుందో లెక్కవేసి ఆ మేరకు ధరలో తగ్గించి అడగాలి.

బండి చూడటానికి వెళ్లేముందు, నేను వచ్చేదాకా స్టార్టు చేయవద్దని ఫోనులో చెప్పాను. వెళ్లగానే ఇంజను మీద చేయి పెట్టి చల్లగా ఉందో లేదో చూశాను. వేడెక్కిన ఇంజను చాలా జబ్బులు దాచిపెడుతుంది. చల్లటి ఇంజను మొదటి నిమిషంలో వచ్చే చప్పుడు, పొగ రంగు నిజం చెబుతాయి. దీనికి కిక్కు కూడా ఉంది కాబట్టి తాళంచెవి ఆన్ చేయకుండా కాలితో మెల్లగా నొక్కితే, సిలిండరులో ఒత్తిడి సరిగా నిలుస్తోందా లేదా అన్నది కాలికే తెలిసిపోతుంది. తర్వాత స్టాండు వేసి ముందు చక్రం నేలకు తగలకుండా లేపించి, హ్యాండిలును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాను. మధ్యలో ఒకచోట తట్టుకుంటోంది, అంటే మెడలోని కోన్ సెట్ (హ్యాండిలు తిరిగే బేరింగులు) అరిగిపోయింది. అదే తిప్పుడులో మరో సంగతి బయటపడింది. పూర్తిగా తిప్పినప్పుడు బొటనవేలు ట్యాంకుకూ హ్యాండిలుకూ మధ్య నలుగుతోంది, ముందు బ్రేకు గొట్టం తీగలా బిగుసుకుంటోంది. స్పోకులను స్పానరుతో ఒక్కొక్కటే తట్టి విన్నాను. రెండుచోట్ల శబ్దం మొద్దుగా ఉంది, అవి వదులు. వెనక స్ప్రాకెట్ దగ్గర చైను పట్టుకుని లాగితే పళ్ల మీది నుంచి వేలెడు దూరం లేచి వచ్చింది. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అవి చూస్తే టైర్ల వయసు ఆరేళ్లు. ఇంజను మాత్రం ఆరోగ్యంగా ఉంది. నాకు కావలసింది అదే, ఎందుకంటే నా లెక్కలో ఇంజను విప్పే ఖర్చుకు చోటు లేదు.

ఫ్రేము మీది నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం సరిచూసుకోవాలని అందరూ చెబుతారు. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య బండి కొనేవాళ్లకు చెప్పవలసింది ఇంకా ఉంది. నా బండి 2014 చివర్లో తెలంగాణలో రిజిస్టరైంది. 2014 జూన్‌కు ముందైతే హైదరాబాదు, విజయవాడ ఒకే రాష్ట్రంలో ఉండేవి. ఇప్పుడు మాత్రం అక్కడి రవాణా కార్యాలయం నుంచి 28వ నంబరు ఫారంతో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి, యాజమాన్యం మార్చడానికి 29, 30 ఫారాల మీద అమ్మినవారి సంతకాలు ఉండాలి, ఇక్కడికి వచ్చాక కొత్త నంబరు కోసం 27వ ఫారం పెట్టాలి, జీవితకాలపు పన్ను బండి వయసును బట్టి తగ్గించి మళ్లీ కట్టాలి. బ్యాంకు అప్పుతో కొన్న బండైతే అప్పు తీరినట్టు 35వ ఫారం కూడా కావాలి. దీని మీద, 350 సీసీ దాటిన బండ్లకు 2023లో ఉన్న లెక్కన ఏడాదికి 2,804 రూపాయల థర్డ్ పార్టీ బీమా, పైన జీఎస్టీ. అంతా కలిపి నాకు 17 వేలు అయింది. ఒక జత టైర్లు, చైను సెట్టు కొన్నా ఇంకా మిగిలేంత డబ్బు ఇది. విజయవాడ వాడు హైదరాబాదు బండి మీదా, ఖమ్మం వాడు గుంటూరు బండి మీదా మోజు పడేముందు ఈ 17 వేలను ధరలో కలిపి చూసుకోవాలి. నాకు ఇక్కడ మంచి 535 దొరకలేదు కాబట్టి వెళ్లాను. అదే స్థితిలో ఉన్న బండి సొంత రాష్ట్రంలో పది వేలు ఎక్కువైనా అదే చవక.

ఇక మార్పుల విషయంలో చట్టం ఏమంటుందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలకు, కంపెనీ ఇచ్చిన కొలతలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతిని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. మోత పెట్టే సైలెన్సర్లకు శబ్ద కాలుష్యం కింద వేరే శిక్ష ఉంది. ఈ నిబంధనలను కస్టమ్ బండ్ల అభిమానులు చాలామంది పగవాళ్లను చూసినట్టు చూస్తారు. కొన్నిటి విషయంలో వాళ్ల బాధ నాకూ అర్థమవుతుంది. నిపుణుడు చేసిన మంచి పనిని పరీక్షించి ఆమోదముద్ర వేసే దారి మామూలు మనిషికి అందుబాటులో లేకపోవడం నిజంగా లోటే. అయినా ఫ్రేము కోత విషయంలో చట్టం లేకపోయినా నేను ఇదే మాట అంటాను. కారణం విజయవాడ ఆటోనగర్‌లో నా కళ్లతో చూశాను.

1960లలో మొదలైన జవహర్ ఆటోనగర్ ప్రధానంగా లారీల ఊరు. బాడీలు కట్టేవాళ్లు, పట్టీలు సాగగొట్టేవాళ్లు, లేత్ షాపులు, గేర్‌బాక్సులు విప్పేవాళ్లు అక్కడ వీధులు వీధులుగా ఉంటారు. మోటారు సైకిలు కస్టమ్ పనికి అక్కడికి వెళ్లడమేమిటని కొందరు అన్నారు. నా ఆలోచన వేరు. ఇరవై టన్నుల బరువు మోసే చాసిస్‌ను అతికే చేతికి అతుకు అంటే ఏమిటో తెలుస్తుంది. నాకు తెలిసిన మేస్త్రీ బండి చుట్టూ ఒకసారి తిరిగి, సీటు తీయించి, వెనక వంపు గొట్టం అతికినచోట రంగు గీకాడు. కిరసనాయిలులో ముంచిన గుడ్డతో అతుకంతా తడిపి, పావుగంట ఆగి, పొడి గుడ్డతో బాగా తుడిచి, మీద సుద్దముక్క రుద్దాడు. రెండు నిమిషాల్లో తెల్లటి సుద్ద మీద కుడివైపు వెంట్రుక వంటి తడి గీత ఒకటి తేలింది. పగులులోకి దిగిన కిరసనాయిలు సుద్దలోకి ఊరి అలా కనబడుతుంది.

"ఇది కోసినోడు బండి నడిపినోడు కాదు బాబూ. కాయితం మీద గీత గీసి కోశాడు" అన్నాడు మేస్త్రీ.

ఆ గీత షాక్ పైకొస బిగించే చోటికి నాలుగంగుళాల దూరంలో ఉంది. గుంతలో పడ్డ ప్రతిసారీ వెనక చక్రం దెబ్బ షాక్ ద్వారా వచ్చి ఆ ప్రాంతంలోనే ఫ్రేమును నెడుతుంది. అక్కడ కంపెనీ పెట్టిన గొట్టం పొడవు, వంపు, అడ్డపట్టీ అన్నీ ఆ దెబ్బను పంచుకోవడానికి పెట్టినవే. అందం కోసం అడ్డపట్టీ తీసేసి, పలచటి గొట్టాన్ని కొసకు కొస పెట్టి అతికితే బరువంతా అతుకు అంచు మీద పడుతుంది. మామూలు రాడ్డు వెల్డింగులో ఆ అంచు వేడికి పెళుసెక్కితే అక్కడే పగులు మొదలవుతుంది. నేను ఆ బండి మీద జాతీయ రహదారి వెంట హైదరాబాదు నుంచి విజయవాడ దాకా 270 కిలోమీటర్లు వచ్చాను. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

మేస్త్రీ ఆ వంపు గొట్టాన్ని కోసి తీసేసి, ఇంకొక 535 కొలతలు తీసుకుని అదే మందం గొట్టంతో తోకను మళ్లీ కట్టాడు. రెండు గొట్టాలు కలిసేచోట లోపల బిగుతుగా పట్టే ముక్కను దూర్చి, పైన రంధ్రాలు వేసి ఆ ముక్కను కూడా అతికి, ఆ తర్వాత చుట్టూ టిగ్ వెల్డింగు చేశాడు. అడ్డపట్టీని మళ్లీ దాని చోటికి తెచ్చాడు. ఈ పనికి 4,000 అయింది. బండిలో ఎవరికీ కనబడని పని ఇదే, నేను మనస్ఫూర్తిగా ఇచ్చిన డబ్బు కూడా ఇదే.

మిగిలిన సామాను వెతకడంలో ట్రైటన్ కథ నాకు దారి చూపించింది. అప్పుడు రేసు కార్లవాళ్లు ఫ్రేములు పారేసినట్టు, ఇప్పుడు బండ్లకు మోత సైలెన్సర్లు తగిలించుకున్నవాళ్లు కంపెనీ సైలెన్సర్లను అటక మీద పడేస్తున్నారు. వాటికి కొత్తవాటి ధరలో సగం కూడా ఉండదు. రెండు నెలలు ఓపిక పట్టి అడిగితే కంపెనీ సైలెన్సర్, గాలి పెట్టె కలిపి 5,500కు, హ్యాండిలు జత 2,500కు దొరికాయి. మూడూ కొత్తవాటిలాగే ఉన్నాయి. గాలి పెట్టెను చాలామంది ఉత్త ప్లాస్టిక్ డబ్బా అనుకుంటారు. ఇంజను పీల్చే గాలికి తగినంత పెట్రోలు చిమ్మేలా కంపెనీ లెక్కలు ఆ పెట్టె పరిమాణాన్ని, ఆ సైలెన్సర్ అడ్డును దృష్టిలో పెట్టుకుని చేసినవి. రెండూ తీసేస్తే గాలి ఎక్కువై పెట్రోలు చాలక ఇంజను వేడెక్కుతుంది, యాక్సిలరేటరు వదిలినప్పుడు పటపటమని పేలుతుంది. ఆ పేలుడునే బలమనుకుని సంతోషపడేవాళ్లున్నారు. అవి రెండూ తిరిగి పెట్టాక బండి కింది వేగాల్లో నునుపుగా లాగుతోంది, ఎండాకాలం సిగ్నళ్ల దగ్గర కాళ్లకు తగిలే సెగ కూడా తగ్గింది. పొగ గొట్టం గుడ్డ విప్పితే దాని కింద తుప్పు పొలుసులు రాలాయి. కృష్ణ ఒడ్డున ఉక్కపోత ఊళ్లో తడిని పట్టి ఉంచే గుడ్డ ఇనుముకు చుట్టడం ఎవరికీ మంచిది కాదు.

టైర్లకు, ట్యూబులకు 10,200 పెట్టాను, ఒకేచోట పెట్టిన పెద్ద ఖర్చు అదే. ముందు 100/90, వెనక 130/70, రెండూ 18 అంగుళాలవి, కంపెనీ చెప్పిన కొలతలే. గడ్డల టైర్లు ఫొటోలో మొరటుగా, ముచ్చటగా కనబడతాయి. తారు రోడ్డు మీద నేలను తాకే రబ్బరు వాటికి తక్కువ. మలుపులో బండి వాలినప్పుడు ఆ గడ్డలు పక్కకు ఒరిగి బండి నీళ్ల మీద తేలినట్టవుతుంది. మోటారు సైకిలుకు నేలతో ఉన్న సంబంధమంతా రెండు అరచేతులంత చోటులోనే ఉంది. ఆ చోటు మీద పొదుపు చేసి రంగు మీద ఖర్చు చేయడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను. బ్రేకు ప్యాడ్లు, కాలిపర్ సీళ్లు, గాలిలోని తడి పీల్చుకుని నల్లబడిన పాత నూనె బదులు కొత్త డాట్ 4 బ్రేకు నూనె, ఇవన్నీ 3,900లో అయ్యాయి. చైను సెట్టు, కోన్ సెట్, బ్యాటరీ, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలు) సీళ్లు, నూనె గురించి విడిగా చెప్పనక్కర్లేదు. అరిగిపోయినవి మార్చాను.

దాదాపు డబ్బు ఖర్చు లేకుండా బండి స్వభావాన్నే మార్చిన పని ఒకటుంది, దాని గురించి తెలుగులో ఎవరూ రాయగా నేను చూడలేదు. ముందు ఫోర్కు గొట్టానికి ఒక ప్లాస్టిక్ పట్టీ బిగించి, చక్రాన్ని గాల్లోకి లేపి, ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు పట్టీ స్థానం కొలవాలి. తర్వాత రోజూ వేసుకునే బట్టలతో, హెల్మెట్‌తో బండి మీద మామూలుగా కూర్చుని, స్నేహితుడొకడు బండి పట్టుకుంటే ఫోర్కు ఎంత దిగిందో మళ్లీ కొలవాలి. ఫోర్కు మొత్తం కదలికలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు మన బరువుకు దిగాలి. ఈ బండికి ముందు 110 మిల్లీమీటర్ల కదలిక ఉంది కాబట్టి 30 నుంచి 35 వరకు దిగితే సరి. నాకు 48 దిగింది. పాత నూనె తీసి కొత్తది సరైన మట్టానికి పోసి, స్ప్రింగు మీద చిన్న గొట్టపు ముక్క పెట్టించాక 34కు వచ్చింది. వెనక షాక్‌లను కూడా రింగు తిప్పి నా బరువుకు సరిచేశాను. అంతకుముందు బ్రేకు పట్టగానే ముక్కు నేలకు వంగే బండి ఇప్పుడు తొణక్కుండా ఆగుతుంది. ఫోర్కు నూనె ఎలాగూ మార్చవలసిందే కనుక దీనికైన అదనపు ఖర్చు లేత్ షాపులో కోయించిన ఆ గొట్టపు ముక్కల 80 రూపాయలే.

హ్యాండిలు సంగతి కొంచెం వివరించాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఛాతీని ముందుకు వంచి కూర్చునే పద్ధతి గంటకు నూరు కిలోమీటర్లు దాటి పోయేటప్పుడు సుఖంగానే ఉంటుంది, ఎదురుగాలి ఛాతీని కింది నుంచి మోస్తుంది కాబట్టి. నార్త్ సర్క్యులర్ రోడ్డులో ఆ కుర్రవాళ్లకు ఆ గాలి ఉంది. బెంజి సర్కిల్ దగ్గర, ఏలూరు రోడ్డులో పాతిక కిలోమీటర్ల వేగంతో కదిలే మనకు ఆ గాలి లేదు. మొండెం బరువంతా మణికట్ల మీద పడుతుంది. పడ్డాక చేతులు బిగుసుకుంటాయి, బిగిసిన చేతులతో మలుపులో హ్యాండిలు తేలిగ్గా తిరగదు. పాత యజమాని పెట్టించిన హ్యాండిలు కంటే కంపెనీది ఎత్తుగా ఉంది. దాన్ని ఇంకొంచెం వెలుపలికి తిప్పి, బ్రేకు, క్లచ్ పిడులను ముంజేయి వాలుకు సరిగ్గా వరసలో పెట్టాను. ఫుట్‌రెస్టుల దగ్గర అరిగి లొటలొటలాడుతున్న బుష్‌ల బదులు గన్‌మెటల్‌తో కొత్తవి తిప్పించాను. గేరు ఇప్పుడు బూటు కొసకు కచ్చితంగా తగులుతుంది.

ఇదంతా విన్న ఒక స్నేహితుడు, "ఇది సర్వీసింగే కదరా, ఇందులో కస్టమ్ ఎక్కడుంది?" అని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. నా జవాబు ఇది: ఒకరి దుస్తులు మరొకరికి సరిపడనట్టే ఈ బండి ఇప్పుడు ఇంకొకరికి సరిపడదు. స్ప్రింగు నా బరువుకు, పిడులు నా చేతుల పొడవుకు, సీటు నా నడుముకు కొలిచి చేసినవి. సీటు కుట్టే ఆయన దగ్గర మూడుసార్లు కూర్చుని, కింద గట్టి స్పాంజి, పైన మెత్తటిది పెట్టించి, ముందుభాగం సన్నగా చెక్కించి, 1,800కు చేయించుకున్నాను. కొలిచి తగ్గట్టు చేయడాన్నే మన పెద్దవాళ్లు కుట్టుపని అనేవారు. ట్యాంకు మీద రెండు గీతలున్నాయి, అలాగే ఉంచాను. ఆర్సీలో రాసిన ఎరుపు రంగు అలాగే ఉంది. ఏదో ఒక రోజు డబ్బు సమకూరితే రంగు వేయిస్తాను, అప్పుడు కూడా అదే ఎరుపు.

ఇంత డబ్బు కూడా లేనివాళ్లున్నారు, యాభై వేలలో ఏం చేయవచ్చని అడుగుతారు. యమహా ఆర్‌ఎక్స్ 100 వెంట పడవద్దని నా సలహా. 1996లోనే తయారీ ఆగిపోయిన ఆ బండికి ఇప్పుడు మోజు ధర పలుకుతోంది, పెట్టిన డబ్బంతా పేరుకే పోతుంది. పాత సీబీజెడ్ కానీ, బాగా చూసుకున్న పల్సర్ 150 కానీ తీసుకుని, టైర్లు, బ్రేకులు, మెడ బేరింగులు సరిచేసి, స్పానరుతో బిగించి స్పానరుతోనే విప్పగలిగిన మార్పులు మాత్రం చేసుకోవాలి. తక్కువ ఎత్తు హ్యాండిలు, ఒంటి సీటు, చిన్న వెనక మడ్‌గార్డు ఆ కోవలోకి వస్తాయి, అయితే అద్దాలు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు ఎక్కడికీ పోకూడదు, చట్టం సంగతి మరవకూడదు. తీసిన ప్రతి సామానునూ మూటగట్టి దాచాలి. గ్రైండరు అవసరమైన మార్పు దగ్గర ఆగిపోవాలి.

మొత్తం లెక్క చూస్తే బండికి 96 వేలు, కాగితాలకు 17 వేలు, పనికి 38,600, అంటే 1,51,600. ఇచ్చిన మాట కంటే 1,600 ఎక్కువైంది. మొదటిసారి ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం, ఉండవల్లి మీదుగా కరకట్ట రోడ్డు పట్టుకుని తెల్లవారుజామున పోయిన రోజు, ఆ రోడ్డులోని వంపుల్లో బండి ఎక్కడా వణకకుండా, నేను చూసిన వైపే వాలుతూ పోయింది. వేగం డెబ్బై కిలోమీటర్లు కూడా దాటలేదు. అంతకంటే అక్కర్లేదనిపించింది.

ఆరు నెలల తర్వాత, నాలుగు వేల కిలోమీటర్లు తిరిగాక, మేస్త్రీ దగ్గరికి మళ్లీ తీసుకెళ్లాను. ఏమీ అడగకుండానే సీటు విప్పి, కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్ద రుద్దాడు. ఇద్దరం టీ తాగి వచ్చి చూశాం. సుద్ద పొడిగానే ఉంది.